‘ఈ మాట మీరు చెప్పలేదు మేడం’

రాయలసీమలోని ఒక జిల్లా పరిషత్ ఉన్నత పాఠశాలలో ఇంగ్లిషు బోధిస్తున్న స్కూల్ అసిస్టెంటు ఒకరు నాలుగు పేజీల ఉత్తరం రాశారు. పేరు, ఊరు వేయవద్దని కోరారు కనుక వేయడం లేదు. ఉత్తరం సారాంశం ఇది.

ఆమె ఉద్యోగంలో చేరి పదమూడేళ్లయింది. పాఠం మొదలుపెట్టే రోజున బోర్డుకు ఎడమ పక్కన ఇరవై, పాతిక మాటలు, వాటి ఎదురుగా తెలుగు అర్థాలు రాయడం ఆమెకు మొదటినుంచీ అలవాటు. పిల్లలు వాటిని నోట్సులో ఎక్కించుకుంటారు, మర్నాడు అప్పజెబుతారు, తప్పిన మాటను పదిసార్లు ఇంపోజిషన్ రాస్తారు. పదో తరగతి ఫలితాలు ఎప్పుడూ బాగానే ఉన్నాయి. అయితే గత ఏడాది తొమ్మిదో తరగతి పరీక్షలో, పాఠ్యపుస్తకంలో లేని ఒక పేరా ఇచ్చి ప్రశ్నలడిగితే, చురుకైనవాడిగా పేరున్న ఒక అబ్బాయి ఆ ప్రశ్నలన్నీ వదిలేసి వచ్చాడు. ఎందుకని అడిగితే, ‘షెల్టర్ అనే మాట మీరు చెప్పలేదు మేడం’ అన్నాడు. ఆ పేరాలో వాన ఉంది, గొర్రెల కాపరి ఉన్నాడు, పాడుబడిన గుడి ఉంది. ఆ మాట మూడుసార్లు వచ్చింది కూడా.

ఆ జవాబు మనసులో ముల్లులా దిగబడిపోయి, ఈ జూన్ నుంచి ఆమె అర్థాలు రాయడం మానేశారు. మీరే ఊహించండి, మీరే నిఘంటువు చూడండి అన్నారు. ఆరు వారాల్లో జరిగిందేమిటంటే, బాగా చదివే ఐదారుగురు గైడు కొనుక్కున్నారు. ఇంట్లో మంచి ఫోను ఉన్నవాళ్లు పేజీకి పేజీ ఫోటో తీసి తెలుగులోకి మార్చుకుంటున్నారు. మిగిలిన సగంమంది నోట్సులు ఖాళీగా ఉన్నాయి. ఇద్దరు తల్లులు బడికి వచ్చి ‘ఈ మేడం మీనింగులు చెప్పడం మానేసిందట’ అని హెచ్‌ఎంకు ఫిర్యాదు చేశారు. ప్రయోగాలు పదో తరగతి పరీక్షల తర్వాత చూసుకుందామని హెచ్‌ఎం అన్నారు. ‘మనం చెప్పకపోతే వాళ్లకు ఇంకెవరు చెబుతారమ్మా’ అని ఒక సీనియర్ ఉపాధ్యాయుడు అన్నారు. పాత పద్ధతికి వెళ్లిపోవాలా, మొండిగా కొనసాగించాలా అని ఆమె ప్రశ్న. చివర్లో ఒక వాక్యం కూడా రాశారు: ‘నన్ను అడగకుండానే చదువుకోగలిగితే ఇక వాళ్లకు నేనెందుకన్న దిగులు నాలో ఒక మూల ఉందేమో.’ ఉత్తరానికి పిల్లల నోట్సు పేజీలు రెండు జిరాక్సు తీసి జతచేశారు.

టీచరు గారూ,

పదమూడేళ్లుగా చేసింది తప్పనీ, ఈ ఆరు వారాలు చేసింది దిద్దుబాటనీ మీరు అనుకుంటున్నారు. మీ హెచ్‌ఎం గారు దీనికి తలకిందులుగా అనుకుంటున్నారు. నాకు రెండింటిలోనూ ఒకటే లోపం కనిపిస్తున్నది. బోర్డు మీద ఆ ఇరవై మాటలు రాయడానికి ముందు మీరు ఇంట్లో కూర్చుని ఏమేం చేస్తారో ఒకసారి గుర్తుచేసుకోండి. పాఠం చదువుతూ, ఏ మాట పిల్లలకు తెలిసి ఉండదో, ఏది తెలియకపోతే కథ ముందుకు సాగదో మీరే తేల్చుకుంటారు. ఆ మాటకున్న నాలుగైదు అర్థాల్లో ఈ వాక్యానికి ఒదిగేది మీరే ఎంచుతారు. అనుమానం వస్తే నిఘంటువు తీసి మీరే సరిచూసుకుంటారు. దాన్ని మళ్లీ ఎప్పుడు అడగాలో కూడా మీరే నిర్ణయిస్తారు. ఇన్ని పనులూ అయ్యాక చివరికి తేలింది మాత్రమే బోర్డు మీదికి వస్తుంది. దాని వెనక ఇంత పని ఉందని పిల్లలు ఎన్నడూ చూడలేదు. జూన్‌లో మీరు ఆ పనులన్నింటినీ ఒకే రోజున వాళ్ల నెత్తిన పెట్టారు. మన పల్లెల్లో బావిలో ఈత నేర్పేవాళ్లు పిల్లవాడి నడుముకు బెండ్లు కట్టి, భయం తీరేకొద్దీ ఒక్కొక్కటే తగ్గించుకుంటూ వస్తారు. మీరు పదమూడేళ్లు బెండ్లు విప్పలేదు, ఆ తర్వాత ఒక్కసారిగా అన్నీ కోసేశారు. ఒడ్డు దొరికినవాళ్లు గైడునో ఫోనునో పట్టుకున్నారు, దొరకనివాళ్లు మునిగారు. కనుక ఇందులో పిల్లల సోమరితనం గురించి గానీ, మీ ఉద్దేశం గురించి గానీ తీర్పు చెప్పవలసిందేమీ లేదు. ఏ పనిని ఎప్పుడు, ఎంతవరకు వాళ్లకు అప్పగించాలన్నదే చూడవలసిన విషయం.

మొదట మీ పాత నోట్సు పేజీ చూద్దాం. అందులో ఇరవైరెండు మాటలున్నాయి. ‘కిల్న్ – బట్టీ’, ‘ఫరో – నాగటి చాలు’ అన్నవాటి పక్కనే ‘అవాయిడ్ – పరిహరించు’, ‘ఇన్‌స్టెడ్ – బదులుగా’, ‘రిలక్టెంట్ – విముఖత గల’ అన్నవి ఉన్నాయి. అన్నింటికీ ఒకే వరుస, ఒకే బరువు, తప్పితే ఒకే ఇంపోజిషన్. కిల్న్ అనే మాట ఆ పాఠం దాటితే మీ విద్యార్థికి పదో తరగతి ముగిసేలోగా మళ్లీ కనిపించకపోవచ్చు. అవాయిడ్, ఇన్‌స్టెడ్ మాత్రం రేపటి పాఠంలో వస్తాయి, సైన్సు పుస్తకంలో వస్తాయి, ఇంటర్మీడియట్‌లో పేజీకొకసారి వస్తాయి. బెంగాల్‌లో ఉపాధ్యాయ శిక్షణలో చాలాకాలం పనిచేసిన మైకేల్ వెస్ట్ 1953లో ప్రచురించిన జాబితాలో ఇలాంటి తరచు వచ్చే మాటలు సుమారు 2,000 ఉన్నాయి. మామూలు ఇంగ్లిషు రచన ఏది తీసుకున్నా నూటికి దాదాపు ఎనభై మాటలు ఆ రెండు వేల మాటలో, వాటి రూపాలో అయి ఉంటాయి. మిగతా వేలకు వేల మాటలు తక్కిన ఇరవైలో సర్దుకుంటాయి. అంటే తరగతిలో మీ సమయం ఎక్కడ ఖర్చు కావాలో ఆ లెక్కే చెబుతున్నది. తరచు వచ్చే మాటను మీరు నేర్పవలసిందే, పదే పదే వాడించవలసిందే. అరుదైన మాటకు ‘బట్టీ’ అని ఒక్క ముక్క చెప్పి ముందుకు పోవచ్చు, దాన్ని అప్పజెప్పించుకోనక్కర లేదు. విచిత్రమేమిటంటే పాఠం చివర ఇచ్చే గ్లాసరీలూ, గైడులూ, మన నోట్సులూ సాధారణంగా అరుదైన మాటల వెంటే పడతాయి, ఎందుకంటే అవే కంటికి కొత్తగా కొడతాయి.

అదే పేజీలో ఇంకో సంగతి ఉంది. ‘విముఖత గల’ అని రాసుకున్న పిల్లవాణ్ణి, విముఖత అంటే ఏమిటని అడిగి చూడండి. నేను అడిగాను, వేరే బడిలో, వేరే పిల్లల్ని. ఒకడు ‘ముఖం బాగుండకపోవడం’ అన్నాడు. తెలియని ఇంగ్లిషు మాట పక్కన తెలియని తెలుగు మాట రాసి, దాన్ని అర్థమని మనం పిలుస్తున్నాం. ఈ తప్పు నేనూ చాలా ఏళ్లు చేశాను. శంకరనారాయణ ఇంగ్లిషు-తెలుగు నిఘంటువు చూసి, అందులోని గ్రాంథిక పదాన్ని యథాతథంగా బోర్డు మీదికి ఎక్కించి, ఎంతో నేర్పేశానన్న తృప్తితో ఇంటికి వెళ్లేవాణ్ణి. ‘ఇష్టం లేకపోయినా చేయడం’ అని ఉంటే ఆ కుర్రవాడికి చాలు. మీ సైన్సు సహోద్యోగి ఇవాపొరేషన్‌కు ‘బాష్పీభవనం’ అని రాసినప్పుడూ ఇదే జరుగుతున్నది. ఎదురెదురు పేజీల్లో రెండు భాషలూ ఉన్న ద్విభాషా పుస్తకం చేతిలో ఉన్నా, రెండు పేజీలూ పిల్లవాడికి ఒకేలా కొరుకుడు పడకపోవచ్చు. కాబట్టి అర్థాలు చెప్పడం మళ్లీ మొదలుపెట్టినా, పిల్లలు ఇంట్లో వాడే తెలుగులో చెప్పండి. ఆ తెలుగును వాళ్ల నోటినుంచే రప్పించగలిగితే మరీ మంచిది.

ఇక ‘ఊహించండి’ అన్న ఆదేశం. తెలియని మాటను సందర్భాన్ని బట్టి పట్టుకోవడం నిజంగా గొప్ప నైపుణ్యమే, కాని దానికి ఒక షరతు ఉంది. చుట్టూ ఉన్న మాటలు తెలిసి ఉండాలి. పరాయి భాషలో ఒక రచనను ఎవరి సాయమూ లేకుండా హాయిగా చదువుకోవాలంటే అందులో నూటికి తొంభైఎనిమిది మాటలు తెలిసి ఉండాలని పాల్ నేషన్ వంటి పరిశోధకులు తేల్చారు. అంటే యాభై మాటలకు ఒకటి, సుమారు ఐదు వరుసలకు ఒకటి మాత్రమే కొత్తది ఉండాలి. మీ తొమ్మిదో తరగతి పాఠంలో ప్రతి వరుసలోనూ రెండు మూడు మాటలు తెలియని పిల్లవాణ్ణి ఊహించమంటే, అమావాస్య రాత్రి చేతిలో దీపం లేకుండా దారి వెతకమన్నట్టే. అందువల్ల ఊహించడం నేర్పడానికి తొమ్మిదో తరగతి వాచకం పనికిరాదు. ఆరు, ఏడు తరగతుల పాత వాచకాలు మీ బడి గదిలో ఎక్కడో కట్టలు కట్టి ఉంటాయి, వాటి దుమ్ము దులపండి. ప్రథమ్ బుక్స్ వారు 2015లో మొదలుపెట్టిన స్టోరీవీవర్‌లో చదువు స్థాయిని బట్టి విభజించిన కథలు ఇంగ్లిషులోనూ తెలుగులోనూ ఉచితంగా దొరుకుతాయి. తొమ్మిదో తరగతి పిల్లలకు చిన్నతనంగా ఉంటుందేమోనని మీకు అనుమానం రావచ్చు. చిన్న తమ్ముళ్లకూ చెల్లెళ్లకూ చదివి వినిపించే పని పెట్టి ఇస్తే ఆ బాధ ఉండదు.

దానికన్నా ముందు ఒక పీరియడు తెలుగులోనే గడపండి. బోర్డు మీద ‘ఛార్జి’ అని ఒక్క మాట రాసి, ఎక్కడెక్కడ విన్నారో చెప్పమనండి. బస్సు ఛార్జీలు పెరిగాయి, ఫోనుకు ఛార్జింగ్ లేదు, పోలీసులు ఛార్జిషీటు వేశారు, కొత్త ఎమ్మార్వో ఛార్జి తీసుకున్నారు, హెచ్‌ఎం సెలవులో ఉంటే ఫలానా సారు ఇన్‌ఛార్జి. ఐదు నిమిషాల్లో బోర్డు నిండుతుంది. అప్పుడు అడగండి: వీటికి మీనింగ్ మీకెవరు చెప్పారు, ఏ నోట్సులో రాసుకున్నారు, బస్సులో విన్నప్పుడు పోలీసుల సంగతి ఎందుకు తట్టలేదు? పక్కనున్న మాటలను బట్టి అర్థాన్ని ఎంచుకోవడం వాళ్లకు చిన్నప్పటినుంచీ వచ్చిన విద్య. ఇంగ్లిషు పుస్తకం తెరవగానే ఆ విద్యను చెప్పులతోపాటు గది బయట వదిలి వస్తున్నారు. అయితే ఇంట్లో వాడే ఇంగ్లిషు మాటల్లో మోసాలూ ఉన్నాయి. ‘గుండె ఫంక్షన్ వివరించుము’ అన్న ప్రశ్న చూసి, గుండెకు ఫంక్షనేమిటని ఒక అమ్మాయి ఆశ్చర్యపోయింది. ఆమెకు తెలిసిన ఫంక్షన్‌లో షామియానా, భోజనాలు ఉంటాయి. అలాంటివి దొరికినప్పుడు నవ్వుకుని, ఒక పక్కన రాసి ఉంచండి. ఆ జాబితా ఏ గైడులోనూ ఉండదు.

తర్వాత ఆ షెల్టర్ పేరానే తీసుకోండి, పిల్లల ముందు మీకూ ఆ మాట తెలియనట్టు నటిస్తూ బయటికి ఆలోచించండి. వాన పెద్దదైంది, కాపరి పాడుబడిన గుడిలో షెల్టర్ తీసుకున్నాడు, వాన వెలిశాక బయటికి వచ్చాడు. ‘తీసుకున్నాడు’ అంటున్నది కాబట్టి అదేదో తీసుకునేది. గుడిలో తీసుకునేది ఏమిటి? ఎవరో ఒకరు ప్రసాదం అంటారు, అననివ్వండి. ఇంకొకరు నిద్ర అంటారు. రెండూ ఆ వాక్యంలో పెట్టి చదివించండి, రెండూ ఒదుగుతాయి. ఇప్పుడు రెండోసారి ఆ మాట వచ్చిన వాక్యానికి వెళ్లండి. గొర్రెలకు షెల్టర్ దొరకలేదు, అవి తడిసిపోయాయి అని ఉందనుకుందాం. ప్రసాదం దొరక్కపోతే గొర్రెలు తడుస్తాయా? నిద్ర దొరక్కపోతే తడుస్తాయా? పిల్లలే రెండింటినీ కొట్టేసి ‘చోటు’ అనో ‘నీడ’ అనో అంటారు. ‘తలదాచుకునే చోటు’ అనే అందమైన మాట చివర్లో మీరు అందించవచ్చు, కాని ‘చోటు’ దగ్గరే ఆ పేరాలోని ప్రశ్నలన్నింటికీ జవాబులు రాయవచ్చని చూపించండి. ఊహకు నూటికి నూరు మార్కులు అక్కర లేదనీ, కథ కదలడానికి సరిపోతే చాలుననీ వాళ్లకు తెలియాలి. కొన్ని వాక్యాలు ఎంత తరచినా అర్థం ఇవ్వవు. ‘ఆమె రిలక్టెంట్‌గా చివరి మామిడిపండు ఇచ్చింది’ అంటే ప్రేమగా కావచ్చు, రహస్యంగా కావచ్చు, అయిష్టంగానూ కావచ్చు. అలాంటిచోట ఊహను ఆపి నిఘంటువు తీయాలని తెలియడమూ ఈ నేర్పులో భాగమే.

మాట లోపలి భాగాలను చూసి పట్టుకోవడం ఇంకొక దారి. ఇందులో మీ తెలుగు పండితులను కలుపుకోండి. ఆహారం, విహారం, సంహారం, ప్రహారం, పరిహారం అని ఒకే ముక్క ముందు ఉపసర్గ మారితే అర్థం ఎలా మారిపోతుందో ఆయన చెప్పగలరు. అదే వారంలో మీరు ఇంపోర్ట్, ఎక్స్‌పోర్ట్, ట్రాన్స్‌పోర్ట్ తీసుకుని, మోయడం అనే అర్థం ఉన్న పాత లాటిన్ ముక్క వాటన్నింటిలో ఎలా దాక్కుందో చూపండి. రెండు తరగతుల్లో ఒకే కీలు కనిపిస్తే పిల్లలకు అది మరుపు రాదు. ఈ దారిలో కూడా గోతులున్నాయని చెప్పాలి. వాల్యుబుల్‌కు ముందు ‘ఇన్’ చేరితే విలువ లేనిదని అనుకుంటారు, అసలు అర్థం వెలకట్టలేనిది. మన ‘అమూల్యం’లో జరిగిందీ ఇదే కనుక తెలుగు పిల్లలకు ఇది వివరించడం తేలిక.

ఇక మీ రెండో నోట్సు పేజీ, జూన్ తర్వాతిది. నొప్పి భరించలేకపోయాడన్న వాక్యం పక్కన ఒక అమ్మాయి ‘బేర్ – ఎలుగుబంటి’ అని రాసుకుంది. ఆమెను చూసి నవ్వడానికేమీ లేదు, నిఘంటువు చూడమన్నారు, చూసింది. నిఘంటువులో మొదట కనిపించిన అర్థాన్ని పట్టుకోవడం ఎవరూ నేర్పనివారందరూ చేసే పనే. పుస్తకం తెరవడానికి ముందే ఆ మాట వాక్యంలో వస్తువా, పనా అని తేల్చుకోవాలనీ, ఎంచిన అర్థాన్ని వాక్యంలో పెట్టి చదివి, నప్పితేనే రాసుకోవాలనీ ఆమెకు ఎవరో ఒకరు కూర్చుని చూపాలి. ‘అతడు నొప్పిని ఎలుగుబంటి చేయలేకపోయాడు’ అని ఒక్కసారి పైకి చదివితే ఆమే దిద్దుకునేది. నలుగురికొక నిఘంటువు చొప్పున ఇచ్చి, వారానికి ఒకే మాటను, కాని దాని నాలుగు అర్థాలనూ, వెతికించండి. నలభై మాటలు చకచకా వెతికించడంకన్నా ఇది లోతుగా పోతుంది.

ఫోను గురించి మీరు కోపంగా రాశారు. పేజీ మొత్తం తెలుగులోకి మారిపోతే పిల్లవాడు తెలుగు చదువుకుని లేచిపోతాడు, ఇంగ్లిషు మాట కంటికి తగిలినా లోపలికి దిగదు, అది నిజం. అయితే నిషేధించినా ఇంటికి వెళ్లి చేసేది అదే. పూర్తిగా వద్దనడంకన్నా, ముందు పెన్సిలుతో తన ఊహ రాసి, ఆ ఒక్క మాట మాత్రమే ఫోనులో చూసి, ఉచ్చారణ విని, తన ఊహ ఎంత దూరంలో ఉందో గుర్తు పెట్టుకుని రమ్మనడం నయం. కొందరు ఊహను తర్వాత రాసి మోసం చేస్తారు. చేయనివ్వండి, అలా చేయడానికైనా ఆ మాటను రెండుసార్లు చూడాలి కదా.

గుర్తుంచుకోవడం దగ్గర మీ ఇంపోజిషన్ మీద నా అభిప్రాయం కాస్త కఠినంగానే ఉంటుంది. పదిసార్లు రాసేటప్పుడు మూడోసారి నుంచి చేయి ఒక్కటే పనిచేస్తుంది, పై వరుస చూసి కింది వరుస నింపుతుంది. మరుపు ఎంత వేగంగా వస్తుందో హెర్మన్ ఎబింగ్‌హౌస్ తన మీద తానే పరీక్షించుకుని 1885లోనే రాశాడు. నేర్చిన తొలి గంటల్లోనే పెద్ద భాగం జారిపోతుందనీ, విడతలు విడతలుగా తలచుకుంటే నిలుస్తుందనీ ఆయన చూపాడు. చూసి రాయడం వేరు, చూడకుండా జ్ఞాపకంలోంచి లాగడం వేరు. 1972లో సెబాస్టియన్ లైట్నర్ అనే జర్మన్ రచయిత దీనికి పెట్టెల పద్ధతి ఒకటి చెప్పాడు, మన బడికి అది భలే సరిపోతుంది. మీ స్టాఫ్‌రూములో ఖాళీ సుద్దముక్కల పెట్టెలుంటాయి. పాత శుభలేఖలు ఏ ఇంట్లోనైనా ఉంటాయి. వాటి ఖాళీ వైపును చీటీలుగా కత్తిరించి, ఒక పక్క ఇంగ్లిషు మాట, రెండో పక్క తన సొంత తెలుగులో అర్థమూ, తానే కూర్చిన వాక్యమూ రాయించండి. కొత్త చీటీ మొదటి పెట్టెలో ఉంటుంది, రోజూ చూడాలి. చూడకుండా చెప్పగలిగితే రెండో పెట్టెకు పోతుంది, దాన్ని మూడు రోజులకొకసారి తీయాలి. అక్కడా నెగ్గితే మూడోది, వారానికొకసారి. ఎక్కడ తప్పినా మొదటి పెట్టెకు తిరుగుప్రయాణం. ఎవరి పెట్టెలోని మాటలు వారివే, ఏ మాట చీటీ ఎక్కాలో ఎంచుకునేదీ వారే. అప్పజెప్పించుకునేది పక్కన కూర్చున్న నేస్తం. ఇక్కడ మీకు పని తగ్గుతుంది, గోల పెరుగుతుంది.

మన పూర్వులు అమరకోశం కంఠస్థం చేయలేదా అని మీ సీనియర్ గారు అడగవచ్చు. చేశారు, అది చిన్న విషయమేమీ కాదు. అయితే వల్లెవేసిన ఆ మాటలు గురువు దగ్గర కావ్యపాఠంలో శ్లోకం శ్లోకానికీ మళ్లీ ఎదురుపడేవి. వల్లెవేయడం ఒక పూట, చదవడం ఒక పూట నడిచేవి. మనం మొదటిదాన్ని ఉంచుకుని రెండోదాన్ని వదిలేశాం.

ఇప్పుడు మీ ముందున్న దారులు. పాత పద్ధతికే వెళ్లిపోతే తల్లిదండ్రులు శాంతిస్తారు, ఈ ఏటి ఫలితాలకు ఢోకా ఉండదు. కాని మీ పిల్లలు ఇంటర్మీడియట్‌లో భౌతికశాస్త్రం, రసాయనశాస్త్రం ఇంగ్లిషులో చదవవలసి వచ్చినప్పుడు అక్కడ బోర్డు ఎడమ పక్కన అర్థాలు రాసే మేడం ఉండరు. ఇప్పుడున్నట్టే మొండిగా కొనసాగిస్తే చురుకైనవాళ్లు ఎలాగో గట్టెక్కుతారు, మిగిలిన సగంమంది మీకూ ఇంగ్లిషుకూ కూడా దూరమవుతారు. మీ హెచ్‌ఎం గారి మద్దతు పోతే తర్వాత ఏ మంచి పని తలపెట్టినా అడ్డం పడుతుంది. పదో తరగతిని ఈ ఏటికి యథాతథంగా ఉంచి, ఎనిమిదో తరగతితో మొదలుపెట్టడం మూడో దారి. ఇందులో పరీక్షల ఒత్తిడి తక్కువ, వాళ్లు పది ముగించేలోగా మీ చేతిలో దాదాపు మూడేళ్లుంటాయి. నష్టం ఏమిటంటే, మీ మనసును కలచివేసిన ఆ అబ్బాయి ఇప్పుడు పదిలో ఉన్నాడు, అతనికి ఈ ఏడాదే చివరిది. నాలుగోది, అన్ని తరగతుల్లోనూ బోర్డు మీద జాబితా ఉంచి, దాని తీరు మార్చడం. ఇరవైరెండు మాటల్లో పదహారింటికి మీరు అర్థం రాస్తారు, ఆరింటికి ఎదురుగా ఖాళీ వదిలి, అవి వచ్చే వాక్యాల కింద గీత గీస్తారు. నెల తిరిగేసరికి ఖాళీలు పెరుగుతాయి. ఆ తర్వాత ఏ మాటలు బోర్డెక్కాలో పిల్లలే ఓటు వేస్తారు. దీనితో మొదటి రెండు మూడు నెలలు పాఠాలు వెనకబడతాయి, సిలబస్ పట్టిక చూసి మీకు గుబులు పుడుతుంది, ఫలితం వెంటనే కనిపించదు. మీ స్థానంలో నేనుంటే ఎనిమిది, తొమ్మిది తరగతుల్లో నాలుగో దారి పట్టి, పదిలో పాత జాబితా ఉంచుతూనే వారానికొక చూడని పేరా చదివిస్తాను. కాని మీ బడి గాలి నాకు తెలియదు, మీకు తెలుసు.

ఏ దారి పట్టినా హెచ్‌ఎం గారితో ముందే మాట్లాడండి. ఆయనకు సిద్ధాంతాలు వద్దు. పరీక్షలో చూడని పేరాకు మార్కులున్నాయి, గైడు చదివితే అవి రావు. నెలకొకసారి అలాంటి పేరా పెట్టి, తరగతి మొత్తం మీద ఎన్ని జవాబులు సరిగ్గా వచ్చాయో ఒక అంకె రాసి చూపుతూ ఉండండి. అంకె పెరిగితే చుట్టుపక్కల బడులవాళ్లు కలిసే కాంప్లెక్స్ మీటింగులో ఆయనే చెప్పుకుంటారు. పెరగకపోతే మీకూ తెలియాలి కదా. ఆ తల్లులకు శుభలేఖ చీటీల పెట్టె చూపండి. తమ బిడ్డ ఇంట్లో వాటిని తిరగేస్తుంటే మీనింగులు చెప్పడం లేదన్న మాట దానంతటదే ఆగుతుంది.

ఒక హెచ్చరిక. ఖాళీ నోట్సులున్న ఆ సగంమందిలో కొందరికి ఇంగ్లిషు అక్షరాలు కూడబలుక్కోవడమే రాకపోవచ్చు. వాళ్లకు పైన చెప్పినదేదీ పనిచేయదు. ముందు చదవడం నేర్పాలి, మాటలు చెవిద్వారా ఇవ్వాలి. వాళ్లెవరో ఈ వారమే విడిగా కూర్చోబెట్టి, ఒక్కొక్కరి చేత నాలుగు వరుసలు చదివించి తెలుసుకోండి. ఆ సంగతి మరో ఉత్తరంలో రాయండి, వివరంగా మాట్లాడుకుందాం.

‘ఇక వాళ్లకు నేనెందుకు’ అన్న మీ చివరి వాక్యం దాచుకోవలసినదేమీ కాదు. అడిగితే తప్ప కదలని తరగతి మనకు తెలియకుండానే ఒక హాయినిస్తుంది, నాకూ ఇచ్చింది. కాని ఏ పేరా వాళ్ల స్థాయికి తగినది, ఏ మాట దగ్గర చెప్పాలి, ఏ మాట దగ్గర నోరు మూసుకోవాలి అన్న లెక్క పిల్లలు చూసుకోలేరు, గైడూ ఫోనూ చూడలేవు. అర్థాలు రాయడంకన్నా అది కష్టమైన పని. అది మీకు రిటైరయ్యేదాకా ఉంటుంది.

ఆ అబ్బాయి ఈ ఏడూ ఎప్పుడో ఒకప్పుడు ‘ఈ మాట మీరు చెప్పలేదు మేడం’ అంటాడు. అప్పుడు ‘ఏ వాక్యంలో ఉందో చదువు’ అని మాత్రం అనండి. చదివాక తర్వాతి వాక్యం కూడా చదవమనండి. మనసులో పది లెక్కపెట్టండి, ఆ పది అంకెలూ మీకు చాలా పొడుగ్గా అనిపిస్తాయి. అతను ఏదో ఒకటి అంటే, ప్రసాదమన్నా సరే, అక్కడినుంచి అందుకోండి. ఏమీ అనలేకపోతే అర్థం చెప్పేసి, ఆ మాటను చీటీ మీద రాసుకోమని పాఠంలోకి వెళ్లిపోండి.